ఖాళీగా వదలాల్సిన గడి

హాస్టలు, పదకొండో గది
మే 6

నాన్నా,

చేరాను. బస్సు గంటన్నర ఆలస్యం. నా పెట్టె మీద ఎవరో కూర్చుని ఒక మూల నొక్కేశారు. అంతకుమించి నష్టం లేదు.

ఈ ఉత్తరం నీ మీద ప్రేమతోనే రాస్తున్నాను కానీ, వాళ్ళ నిబంధన కూడా ఉంది. ఇంటర్న్‌షిప్ అయ్యేదాకా మా సెల్‌ఫోన్లు వాళ్ళ దగ్గరే, ఇంట్లో ఎవరికో ఒకరికి చేత్తో ఉత్తరాలు రాసి తీరాలట. "పిల్లలకి అర్థమయ్యేలా చెప్పాలంటే ముందు ఇంట్లోవాళ్ళకి అర్థమయ్యేలా రాయడం నేర్చుకోండి" అన్నారు. ఫోన్లో నువ్వు "ఊఁ", "సరే", "పెట్టెయ్" తప్ప ఏమీ అనవు కాబట్టి నాకూ ఇదే నయం.

మాలాంటి రెండేళ్ళ కాలేజీల నుంచి పద్దెనిమిది మందిమి వచ్చాం. అందరిదీ ఒకటే బాపతు. సైన్సో లెక్కలో చెప్పే టీచరు అవుదామా వద్దా అని తేల్చుకోలేని గోడమీద పిల్లులం. ఎనిమిది వారాలు మమ్మల్ని వేసవి తరగతుల్లో పడేస్తారు. ఆ తర్వాత ఎటు దూకాలో మా ఇష్టం.

నా గదిలో ఒక అక్క ఉంది. పన్నెండేళ్ళు బట్టలు కుట్టి, ఇప్పుడు కాలేజీలో చేరింది. అందరం టైలరక్క అంటున్నాం. "కొలతలు నాకు కొత్త కాదమ్మా, కొలవబోతే కదలకుండా నిలబడని పిల్లలే కొత్త" అంటుంది.

నన్ను సైన్సు ల్యాబులో వేశారు. నాకు పని నేర్పే ఆయన్ని బడంతా మాస్టారనే పిలుస్తుంది. యాభై దాటిన మనిషి, కుడి మోకాలు వంగదు. క్లాసులో ఇరవై రెండు మంది, పదకొండు పన్నెండేళ్ళ వాళ్ళు. నిన్న నన్ను ముందుకు తోసి, "నీ పేరు చెప్పి, నీళ్ళు ఎందుకు మరుగుతాయో చెప్పు" అన్నారు. నా పేరు చెప్పగలిగాను.

అమ్మ అన్నేళ్ళు లెక్కలు ఎలా చెప్పింది నాన్నా? నిలబడగానే నా కాళ్ళు నావి కాకుండా పోయాయి. పిల్లలంటే భయం కాదు. నాకు తెలియదని వాళ్ళకి తెలిసిపోతుందేమోనని భయం.

తింటున్నావా? నిజం రాయి.

నీ అమ్మలు

*

ఇల్లు
మే 10

అమ్మలూ,

ఉత్తరం అందింది. తింటున్నాను.

ఎండలు ముదిరాయి. వాతావరణ కేంద్రంలో మధ్యాహ్నం రీడింగు తీయడానికి థర్మామీటర్ల పెట్టె తెరిస్తే గడియ చెయ్యి కాలుస్తోంది. మిగతాదంతా మామూలే.

కొన్ని విషయాలు అడుగుతున్నాను. జవాబు రాయి. ల్యాబుకు రెండు తలుపులున్నాయా? రెండోది లోపలి నుంచి తెరుచుకుంటుందా? గ్యాసు కుళాయిలు పిల్లలకు అందేంత కిందికి ఉన్నాయా? కళ్ళద్దాలు పిల్లలకేనా, నీకూ ఇచ్చారా? ఇసుక బకెట్టు ఎక్కడుంది? సీసాలు ఎవరు లెక్కపెడతారు?

మీ అమ్మ సంగతి అడిగావు. మొదటి రోజు క్లాసులో పావుగంట మాట్లాడి, గంట కొట్టారనుకుని బయటికి వచ్చేసిందట. పిల్లలు కూడా లేచి వెనకే వచ్చేశారట. పెళ్ళయిన ఐదేళ్ళకు గాని నాకు చెప్పలేదు.

నువ్వు బస్సెక్కిన రోజు నుంచి ఎవరు తలుపు కొట్టినా గుండె జారుతోంది. వయసు కావచ్చు.

నాన్న

*

హాస్టలు
మే 19

నాన్నా,

నువ్వు రాసింది ఉత్తరమా, తుఫాను హెచ్చరికా? టైలరక్కకి చదివి వినిపించాను. "మీ నాన్నని బళ్ళ తనిఖీకి పంపితే సగం బళ్ళు మూతపడతాయి" అంది.

జవాబులు. తలుపులు రెండు. రెండోది తెరుచుకుంటుంది, కాకపోతే భుజంతో తోయాలి. కుళాయిలు అందుతాయి, కానీ అసలు కుళాయి తాళం మాస్టారి జేబులో ఉంటుంది. కళ్ళద్దాలు నాకూ ఉన్నాయి, పెట్టుకుంటే గుడ్లగూబలా ఉన్నానట. ఇసుక బకెట్టు తలుపు పక్కన.

నాన్నా, నాకు మాట వచ్చింది! ఈ వారం సోడియం చూపించాం. వెన్నలా చాకుతో కోయగల లోహం. నీళ్ళు తగిలితే ఊరుకోదు, గాలి తగిలినా పాడైపోతుంది, అందుకే కిరోసిన్లో ముంచి ఉంచుతారు. మాస్టారు బియ్యపు గింజంత ముక్క కోసి గాజు తొట్టిలో నీళ్ళ మీద వేశారు. అది ప్రాణమున్న దానిలా బుస్సుమంటూ తొట్టంతా పరుగెత్తి, చివర్లో టప్పుమని మండింది. ఇరవై రెండు నోళ్ళూ తెరుచుకున్నాయి. "ఇప్పుడు నువ్వు చెప్పు" అన్నారు మాస్టారు. చెప్పాను. పది నిమిషాలు చెప్పాను. నా కాళ్ళు నా కిందే ఉన్నాయి.

ముందు బెంచీలో ఒక పిల్ల ఉంది. నోరు తెరిస్తే "ఎందుకు?" తోటివాళ్ళు ఎందుకమ్మ అని పేరు పెట్టారు. తనేమీ బాధపడదు. "ఎందుకలా పిలుస్తారు?" అని అడుగుతుంది. వెనక బెంచీలో ఇంకో పిల్ల, గుండుసూది. సన్నగా ఉంటుంది, అందరినీ పొడుస్తుంది. మొన్న నా జడకి క్లిప్పులతో పరీక్షనాళిక తగిలించింది. అరగంట అలాగే తిరిగాను.

సీసాల లెక్క మాస్టారి పద్ధతిలో జరుగుతుంది. క్లాసయ్యాక ఒకరు అలమర ముందు నిలబడి ఎన్ని ఉన్నాయో గట్టిగా చెప్పాలి, ఇంకొకరు బల్ల దగ్గర రిజిస్టర్లో రాయాలి. చూసినవాళ్ళు రాయకూడదు, రాసేవాళ్ళు చూడకూడదు. కానీ గంట కొట్టగానే ఆయన పిల్లల్ని బస్సెక్కించడానికి పోవాలి, ఆ మోకాలితో మెట్లు దిగడానికే ఆయనకి పది నిమిషాలు. అందుకని చెప్పేదీ నేనే, రాసేదీ నేనే. మొదట్లో నిజంగానే గట్టిగా చెప్పేదాన్ని. ఖాళీ గదిలో నా గొంతు వింటే నాకే నవ్వొచ్చింది.

నేను టీచర్నయిపోతానేమో నాన్నా.

నీ అమ్మలు

*

వాతావరణ కేంద్రం
మే 23

అమ్మలూ,

సంతోషం. రెండుసార్లు చదివాను.

నవ్వొచ్చినా సరే, గట్టిగానే చెప్పు. ఒక్కరే చూసి ఒక్కరే రాస్తే, చెయ్యి కంటికంటే ముందు పోతుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాను. ఇక్కడ కొత్తగా చేరినవాళ్ళకు మేం మొదట చెప్పేది ఒకటే. రీడింగు తప్పిపోతే గడి ఖాళీగా వదిలెయ్యి. తిడతారు. తిట్టించుకో. ఊహించి మాత్రం నింపకు.

దీని మీద ఇంకో మాట రాసి కొట్టేశాను. ఆ గీతలు అవే. పట్టించుకోకు.

ఇల్లు సర్దాను. మీ అమ్మ అలమర తప్ప.

నాన్న

*

హాస్టలు
జూన్ 6

నాన్నా,

ఆలస్యమైంది, ఏమనుకోకు. ఇక్కడంతా బాగానే ఉంది. ఎండ బాగా ఉంది. టైలరక్కకి లెక్కల క్లాసులో మంచి పేరొచ్చింది. నాకు కొంచెం నీరసంగా ఉంది, ఎండవల్లే.

ఊరికే ఒకటి అడుగుతున్నాను. మీ దగ్గర ఎవరైనా ఒక అంకె తప్పు రాసి, అది నాలుగు రోజుల తర్వాత బయటపడితే ఏం చేస్తారు? వాళ్ళని తీసేస్తారా? ఎవరికీ నష్టం జరగకపోయినా?

ఇంకొకటి. సోడియం సీసాలో కిరోసిన్ కారిపోతే, ముక్క దానంతటదే పాడైపోతుందా? అంటే ప్రమాదం పోతుందా? పుస్తకంలో పైపైన ఉంది.

మాస్టారు నన్ను మెచ్చుకున్నారు. రిపోర్టులో రాస్తానన్నారు.

తింటున్నాను. నువ్వు తిను.

అమ్మలు

*

ఇల్లు
జూన్ 10

అమ్మలూ,

ఏం పోయింది?

నాన్న

*

హాస్టలు
జూన్ 13

నాన్నా,

నీ ఉత్తరం విప్పి, ఆ రెండు మాటలు చూసి, బాత్రూములో గడియ పెట్టుకుని కూర్చున్నాను. టైలరక్క తలుపు కొట్టి "బతికున్నావా?" అంది. ఉన్నానన్నాను.

సోడియం సీసా పోయింది. చిన్నది, అరచేతిలో దాగేంత. లోపల మూడు ముక్కలు, ఒక్కొక్కటి చింతగింజంత. మొత్తం ఐదు సీసాలుండాలి. నాలుగే ఉన్నాయి.

ఎప్పుడు పోయిందో చెప్పలేను, ఎందుకంటే నేను లెక్కపెట్టలేదు. రోజూ ఐదే కదా, ఎప్పుడు చూసినా ఐదే కదా అని, వారం మొదటి రోజే ఆ వారమంతటికీ ఐదు ఐదు ఐదు అని కింద దాకా నింపేశాను. మొత్తం ఆరు గడులు, ఒకే పెన్ను, ఒకే వరస. నాకు అది తెలివి అనిపించింది నాన్నా. నాలుగోరోజు మాస్టారు సీసా తెమ్మంటే వెళ్ళి చూశాను. ముందు వరసలో రెండు, వెనక రెండు. రిజిస్టర్లో ఆ రోజు గడిలో ఐదు ఉంది. మర్నాడు గడిలో కూడా ఐదు ఉంది. మాస్టారు అడిగారు, "అన్నీ ఉన్నాయా?" అని. ఉన్నాయన్నాను. నా నోరే అంది.

ఆ తర్వాత కూడా రోజూ ఐదు రాస్తున్నాను.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. దానికి ముందు రోజుల్లో ఒకసారి ఎందుకమ్మ అడిగింది, "మిస్, పెద్ద ముక్క వేస్తే ఏమవుతుంది?" అని. నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. వెనక మాస్టారున్నారు, రిపోర్టు రాస్తారు. "ఏమీ కాదు, ఇంకాస్త ఎక్కువసేపు పరుగెడుతుంది, అంతే" అన్నాను. ఇరవై రెండు మందీ విన్నారు. సాయంత్రం పుస్తకం తీసి చూశాను. పెద్ద ముక్కయితే పేలుతుంది. గాజు తొట్టి ముక్కలవుతుంది, కరిగిన లోహం కళ్ళలోకి చిమ్ముతుంది. మర్నాడు ఆ మాట సరిదిద్దుదామనుకున్నాను. ఇంకో పాఠం మొదలైపోయింది.

ఇప్పుడు ఎవరి ఇంట్లోనో ఆ సీసా ఉంది. పెద్ద ముక్క వేసినా ఏమీ కాదని నేనే వాళ్ళకి చెప్పాను.

గుండుసూది మీద అనుమానమొచ్చి, ఆటల పీరియడ్లో తన సంచి వెతికాను. ఏమీ లేదు. సగం తిన్న బిస్కెట్లు, అరిగిపోయిన రబ్బరు, అంతే. నేను వెతకడం తను కిటికీలోంచి చూసింది.

రోజూ ఉదయం హాజరు పిలుస్తాను. ఎవరైనా పలక్కపోతే మళ్ళీ మళ్ళీ పిలుస్తాను. నిన్న ఒకమ్మాయి రాలేదు. మధ్యాహ్నం దాకా నాకు చెవులు వినపడలేదు. కడుపునొప్పట.

చెబితే నన్ను పంపేస్తారు. కాలేజీకి రాస్తారు. ఎనిమిది రోజులు అబద్ధం రాసినదాన్ని ఏ బడిలోనూ నిలబడనివ్వరు. మాస్టారి మీదకి కూడా వస్తుంది, పద్ధతి ఆయనది, ఒంటరిగా వదిలింది ఆయన. ఇవన్నీ సాకులని నాకు తెలుసు. అయినా వెళ్ళలేకపోతున్నాను. ఇవాళ రెండుసార్లు స్టాఫ్ రూము గుమ్మం దాకా వెళ్ళి, సుద్దముక్కలు అడిగి తెచ్చుకున్నాను.

నన్ను తిట్టు. ఏం చెయ్యాలో మాత్రం చెప్పు.

అమ్మలు

*

ఇల్లు
జూన్ 17, సాయంత్రం నాలుగు

అమ్మలూ,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. బడికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మూడుకే మూసేస్తారని తర్వాత గుర్తొచ్చింది. హాస్టలు ఫోను పని చేయడం లేదు. ఈ ఉత్తరం ఆరు గంటల బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. రేపు ఉదయం ఏడుకు హాస్టలు గేటు దగ్గర ఇస్తానన్నాడు.

ఎనిమిదికి బడి తెరుస్తారు. ఎనిమిదిన్నరకు నేను మళ్ళీ ఫోన్ చేసి మాస్టారితో మాట్లాడతాను. అప్పటికి నువ్వు చెప్పి ఉండాలి. చెప్పకపోతే నేను చెబుతాను. ఇది బెదిరింపే.

నిన్ను తిట్టమన్నావు. తిట్టే అర్హత నాకు లేదు. ఎందుకో రాస్తున్నాను. ఇది నీకు ఎప్పటికీ చెప్పకూడదనుకున్నాను.

ఆపరేషను తర్వాత మీ అమ్మను ఇంటికి తెచ్చిన ఐదో రోజు. నువ్వు పరీక్షల్లో ఉన్నావు. రావద్దని తనే అంది. నాలుగు గంటలకోసారి జ్వరం చూసి కాగితం మీద రాయమన్నారు డాక్టరు. నూటొకటి దాటితే వెంటనే తీసుకురమ్మన్నారు. గడులు గీసిన కాగితం వాళ్ళే ఇచ్చారు. అలాంటి కాగితాలు నేను పుట్టినప్పటి నుంచీ నింపుతున్నట్టు ఉంటాను కదా. నాకు అప్పగించి అందరూ నిశ్చింతగా ఉన్నారు.

ఉదయం పదికి తొంభై తొమ్మిది. మధ్యాహ్నం రెండుకు చూడాలి. అప్పటికి రెండు రోజులుగా కన్ను మూయలేదు. కుర్చీలో నిద్రపోయాను. లేచేసరికి నాలుగున్నర. మీ అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. లేపడం ఇష్టం లేకపోయింది. రెండు గంటల గడి ఖాళీగా ఉంది. ఖాళీ గడి చూసి ఉండలేకపోయాను. తొంభై తొమ్మిది అని రాశాను.

ఐదుకు ఇళ్ళకు తిరిగే నర్సు వచ్చింది. సంచిలోంచి థర్మామీటరు తీసింది. కాగితం చూసింది. మళ్ళీ సంచిలో పెట్టేసింది. "మీరు రాశాక ఇంక నేను కొలిచేదేముంది సార్, నిలకడగా ఉంది" అంది. నేను ఏమీ అనలేదు. ఆమెకు ఇంకా నాలుగిళ్ళు ఉన్నాయి.

ఆరుకు చూస్తే నూట నాలుగు. తర్వాతి రెండు రోజులూ నీకు తెలుసు.

రెండు గంటలకు ఎంత ఉండేదో తెలియదు. తొంభై తొమ్మిదే ఉండేదేమో. నూట రెండు ఉండేదేమో. డాక్టరును అడగలేదు. అడిగితే చెబుతారని భయం.

ఇంకా ఉంది. విచారణ జరిగింది. ఆ నర్సును ఎందుకు కొలవలేదని అడిగారు. కాగితం మీద అంకె చూసి ఊరుకున్నానని చెప్పింది. నన్ను పిలిచారు. నేను కాగితం చూపించాను. అంతే చేశాను. ఆమెను ఇళ్ళకు తిరిగే పనినుంచి తీసేసి, ఆరోగ్య కేంద్రంలో మందులిచ్చే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. వీధిలో నేను కనిపిస్తే తల దించుకుంటుంది. పద్నాలుగు నెలలుగా దించుకుంటూనే ఉంది.

నీ దగ్గర ఇంకా వేళ మించిపోలేదు. ఇరవై రెండు మందీ హాజరు పలుకుతున్నారు. నీకున్నది ఒక్క ఉదయం. నన్ను తర్వాత ఏమన్నా అను. ముందు వెళ్ళు.

నాన్న

*

బడి, వెనక మెట్లు
జూన్ 19

నాన్నా,

దొరికింది. అందరూ బాగున్నారు. ముందు అది రాశాను, మిగతాది తర్వాత చదువుకో.

డ్రైవరు ఏడుకి పది నిమిషాలు ముందే వచ్చాడు. గేటు దగ్గరే నిలబడి చదివాను. మొదటి పేజీ చదివి నీ మీద కోపమొచ్చింది. రెండో పేజీ చదివాక స్నానం చెయ్యకుండా, జడ వేసుకోకుండా పరుగెత్తాను. బడి ఇంకా తెరవలేదు. మాస్టారు వచ్చేదాకా గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాను. ఆయన కుంటుకుంటూ వస్తుంటే అక్కడే, రోడ్డు మీదే చెప్పేశాను. ఎనిమిదిన్నరకి ఆఫీసులో ఫోను మోగినప్పుడు అది నువ్వేనని తెలుసు. అప్పటికి చెప్పి అరగంటయింది.

ఆయన అరవలేదు. మొహం పాలిపోయింది. "ఎన్ని రోజులు?" అన్నారు. పదమూడు అన్నాను. ఇంకేమీ అడక్కుండా మెట్లెక్కారు. అంత త్వరగా ఆయన మెట్లెక్కడం నేనెప్పుడూ చూడలేదు.

"క్లాసుకి నువ్వే చెప్పు" అన్నారు. నిలబడ్డాను. కాళ్ళు మళ్ళీ నావి కావు. ఐదు సీసాల్లో ఒకటి లేదని, అది తెలిసీ నేను ఉందని రాశానని చెప్పాను. పెద్ద ముక్క వేస్తే ఏమవుతుందో నాకు తెలియదని, తెలియకుండానే ఏమీ కాదన్నానని చెప్పాను. "అది పేలుతుంది. కళ్ళు పోతాయి. ఎవరి దగ్గరున్నా ఏమీ అనను, ఎక్కడుందో చెబితే చాలు" అన్నాను.

ముందు బెంచీలోంచి ఎందుకమ్మ చెయ్యెత్తింది.

"నా సంచిలో ఉంది మిస్."

సంచి తన కాళ్ళ దగ్గరే ఉంది. రోజూ అక్కడే ఉంటోంది. నేను రోజూ దాన్ని దాటుకుంటూ బోర్డు దగ్గరికి వెళ్తున్నాను. సీసా పక్క జేబులో, దాని పక్కనే మంచినీళ్ళ సీసా. ఆ మంచినీళ్ళ సీసా మూత సరిగ్గా పట్టదు నాన్నా. సంచి అడుగంతా తడిగా ఉంది. మాస్టారు పిల్లలందరినీ రెండో తలుపులోంచి బయటికి పంపమన్నారు. భుజంతో తోశాను. ఆయన సంచిని రెండు చేతులతో ఒళ్ళో పిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, మెట్లు దిగి, మైదానం మధ్యలో ఇసుక మీద పెట్టారు. నన్ను దగ్గరికి రానివ్వలేదు. కిటికీలోంచి చూశాను. ఆయన వంగలేక వంగి ఆ జేబులోంచి సీసా తీశారు. సీసా మూత గట్టిగానే ఉంది. మూడు ముక్కలూ ఉన్నాయి.

"ఎందుకు తీసుకెళ్ళావు?" అని అడిగితే ఆ పిల్ల ఏమందో తెలుసా? "తీసుకెళ్ళలేదు మిస్, రోజూ తెస్తున్నా. మీకు తీరిక దొరికితే ఇద్దరం పెద్ద ముక్క వేద్దామని. మీరు రోజూ ఏదో భయంగా ఉంటున్నారు, అడగలేకపోయా." తర్వాత, "రేపటికి కూడా మీకు కుదరకపోతే ఇంట్లో బకెట్లో నేనే వేసేద్దామనుకున్నా" అంది. రేపటికి. అంటే ఇవాళ.

గుండుసూది దగ్గరికి వెళ్ళి, నీ సంచి వెతకడం తప్పు అన్నాను. "పర్లేదు మిస్. ఏం పోయినా అందరూ ముందు నా సంచే చూస్తారు" అంది. దీనికంటే నన్ను కొట్టినా బాగుండేది.

ఇక నన్ను ఏం చేశారంటే, ల్యాబులోకి వెళ్ళడానికి లేదు. మిగిలిన రోజులు లెక్కల క్లాసులో టైలరక్క పక్కన కూర్చోవాలి. ఎందుకమ్మ వాళ్ళమ్మ నా మీద ఫిర్యాదు రాసి ఇచ్చింది. అదీ, నా రిజిస్టరు పేజీల నకళ్ళూ కాలేజీకి వెళ్తాయి. మాస్టారు రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాస్తానన్నారు. "నా తప్పు కూడా రాస్తాను. ఇద్దరు చెయ్యాల్సిన పని ఒకరికి వదిలాను" అన్నారు. నేను టీచర్ని కాగలనా అని అడిగాను. "ఇవాళ ఉదయం పది నిమిషాలు అయ్యావు. మిగతాది కాలేజీ వాళ్ళు తేలుస్తారు" అన్నారు. వాళ్ళు ఏం తేలుస్తారో తెలియదు. భయంగానే ఉంది. నిద్ర మాత్రం పట్టింది.

ఇప్పుడు నీ సంగతి.

నేను ఇక్కడికి వచ్చేదాకా ఏడాది పైగా ఒకే బల్ల దగ్గర తిన్నాం. అమ్మ గురించి నేను మాట్లాడబోతే నువ్వు లేచి గిన్నెలు కడిగేవాడివి. బాధ అనుకున్నాను. నా ముందు ఏడవడం ఇష్టంలేదనుకున్నాను. ఇప్పుడు ప్రతి గిన్నె చప్పుడూ వేరేగా వినిపిస్తోంది. నాకు కోపం ఉందా? ఉంది. ఎంత ఉందో తెలియదు. కొలవకుండా అంకె వెయ్యను. నిద్రపోయినందుకు కాదు, అది మాత్రం రాసి పెట్టుకో. రెండు రోజులు కన్ను మూయని మనిషి నిద్రపోతాడు.

నిన్న ఆ పిల్లల ముందు నిలబడడానికి నీ ఉత్తరమే నన్ను తోసింది. అందుకే ఈ ఒక్క మాట అడగడానికి నాకు హక్కుందనుకుంటున్నాను. ఆ నర్సుకి చెప్పావా?

ఎనిమిది వారాలూ అయిపోగానే, వచ్చే వారం శనివారం బయల్దేరుతున్నాను.

అమ్మలు

*

ఇల్లు
జూన్ 24

అమ్మలూ,

చెప్పలేదు. నీ ఉత్తరం అందేనాటికి అదే జవాబు.

అందిన రోజు వెళ్ళలేదు. మర్నాడు ఆరోగ్య కేంద్రం గేటు దాకా వెళ్ళి వచ్చేశాను. ఈ రోజు లోపలికి వెళ్ళాను.

మందుల కిటికీ ముందు తొమ్మిది మంది ఉన్నారు. వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. తల ఎత్తకుండానే చీటీ కోసం చెయ్యి చాపింది. చీటీ లేదన్నాను. గొంతు గుర్తుపట్టి చూసింది.

"మీరా సార్. ఒంట్లో బాగోలేదా?"

చెప్పాను. రెండు గంటల గడిలో అంకె నేను కొలవకుండా రాశాను. ఐదుకు మీరు చూసింది ఆ అంకె. విచారణలో నేను చెప్పలేదు. మీరు మోస్తున్న నింద నాది. ముందే అనుకుని వెళ్ళిన నాలుగు వాక్యాలు. వెనక పెద్దాయన "కాస్త త్వరగా కానివ్వండి బాబూ, కాళ్ళు లాగుతున్నాయి" అంటున్నాడు.

ఆమె ముందు ఆ పెద్దాయన చీటీ తీసుకుని మందులిచ్చి పంపింది.

"నేను కొలిచి ఉండాల్సింది సార్. అదీ నిజమే" అంది. "మా అమ్మకి జ్వరమొస్తే కూడా నేను థర్మామీటరు ముట్టుకోవట్లేదండి. పక్కింటావిడని పిలుస్తున్నా" అంది. చివరికి, "అప్పుడే చెప్పి ఉండొచ్చు కదా సార్" అంది.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నిలబడగలిగేవాణ్ణి. బల్ల మీద కూర్చోవాల్సి వచ్చింది.

క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె ఏదో ఒకటి అనక తప్పదు. ఆ భారం కూడా ఆమె మీద పెట్టదలచుకోలేదు.

ఆమె పై అధికారికి జరిగింది రాసి సంతకం పెట్టి ఇచ్చాను. విచారణ మళ్ళీ తెరుస్తారట. నన్ను పిలుస్తారు. మా కేంద్రానికి కూడా నకలు వెళ్తుంది. ఇంకా నా చేత రీడింగులు తీయిస్తారో లేదో చెప్పలేను. కేంద్రంలో అందరికీ తెలుస్తుంది. అలమరలోని మీ అమ్మ చీరలకు తెలిసినట్టే ఉంటుంది. పిచ్చి మాట. ఉండనీ.

సాయంత్రం ఆరోగ్య కేంద్రం మూసేవేళకు ఆ వీధిలోనే ఉన్నాను. కావాలని కాదు, లేచి నడిచే శక్తి లేక. ఆమె బయటికి వచ్చింది. నన్ను చూసింది. పలకరించలేదు. నా ముందు నుంచే, తల ఎత్తుకుని నడిచి వెళ్ళింది.

శనివారం అన్నావు గాని, ఏ బస్సో రాయలేదు. మర్చిపోయావో, కావాలనే రాయలేదో తెలియదు. నేను రావడం ఇష్టం లేకపోతే, ఈ ఉత్తరం తెచ్చిన డ్రైవరు చేతే కబురు పంపు. ఏమీ అనుకోను. కబురు రాకపోతే మొదటి బస్సు నుంచి ఆఖరి బస్సు దాకా బస్టాండులోనే నిలబడి ఉంటాను.

నాన్న